ఫ్యాను చప్పుడు వినిపించేంత మెల్లగా

పై అంతస్తులో ఎవరో బాల్కనీలో నిలిచిన వాన నీళ్లు ఊడుస్తున్నారు. కొబ్బరి చీపురు గచ్చు మీద ఒకసారి బరబరమంటూ పోతుంది. ఆ తర్వాత ఏమీ ఉండదు. పని అయిపోయిందేమో అనుకునేంతలో మళ్లీ ఒకసారి. పాపను నిద్రపుచ్చి వంటింట్లో గిన్నెలు సర్దుకుంటున్న నేను, చేతిలో మూత అలాగే పట్టుకుని నిలబడిపోయాను. ఆ చప్పుడు నాకు తెలుసు. ఒక ఊడ్పుకూ ఇంకో ఊడ్పుకూ మధ్య ఎంతసేపు ఆగాలో నా ఒంటికే తెలుసు. మా ఆల్బంలో మొదటి పాట సరిగ్గా ఇలాగే మొదలవుతుంది. సన్నటి తీగల బ్రష్షుతో డ్రమ్ము మీద ఒక గీత, కాసేపు ఖాళీ, మళ్లీ ఒక గీత.

ఆ డ్రమ్ము వాయించింది సరళక్క. ఆఫీసులో నా మేనేజరు, ఆదివారాల్లో మా బ్యాండుకు పెద్ద. బ్యాండంటే ముగ్గురమే. నిలబడి ఒకే ఒక్క డ్రమ్మూ ఒక ఇత్తడి సింబలూ వాయించే సరళక్క, గిటారు వాయించే ఇమ్రాన్, పాడే నేను. బ్యాండు పేరు ‘ఎడం’. రాక్ బ్యాండ్ అని చెప్పుకునేవాళ్లం కానీ, ఆ మాట వినగానే జనం ఊహించుకునేవి ఏవీ మా దగ్గర ఉండేవి కావు. పాటలన్నీ అతి నెమ్మదైనవి. మాటలు తక్కువ, మోత అసలే లేదు. మేము చేసింది ఒక్కటే ఆల్బం. అది విన్నవాళ్లు కొద్దిమంది, ఆమెను ఎరిగినవాళ్లు ఇంకా కొద్దిమంది. కిందటేడు ఆమె పుణె ఆఫీసుకు మారింది. బాగానే ఉంది, అప్పుడప్పుడూ ఫోన్లో మాట్లాడుకుంటాం. ఆమె వెళ్లాక మా బ్యాండు కూడా ఎవరూ ఏమీ ప్రకటించకుండానే ఆగిపోయింది. ఆమె గురించి రాసిపెట్టుకోవాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. పగలు కుదరదు. ఈ రాత్రికి ఆ చీపురు నన్ను కూర్చోబెట్టింది.

నేను స్వతహాగా కంగారు మనిషిని. తణుకులో పెరిగి, ఇంజనీరింగ్ చదివి, గచ్చిబౌలిలో ఉద్యోగానికి వచ్చాను. గ్యాస్ కట్టేశానో లేదో చూడటానికి లిఫ్టు దగ్గర నుంచి వెనక్కి వచ్చే రకం. నలుగురిలో ఉన్నప్పుడు మాటలు ఆగిపోతే, అది నా తప్పు వల్లే ఆగిందనిపించేది. వెంటనే ఏదో ఒకటి మాట్లాడి ఆ ఖాళీని పూడ్చేసేదాన్ని. సరళక్క టీంలో చేరిన కొత్తలో ఒక క్లయింటు కాల్ జరుగుతోంది. వాళ్లు అడిగిన మార్పు ఎప్పటికి కావాలో చెప్పమని నేనే అడిగాను. అవతల ఎవరూ వెంటనే పలకలేదు. నేను ఆగలేకపోయాను. వచ్చే వారానికల్లా ఇవ్వగలమన్నాను. ఈ వారమే కావాలన్నా ప్రయత్నిస్తామన్నాను. అవసరమైతే శనివారం కూడా కూర్చుంటామన్నాను. పక్కనున్న సరళక్క చెయ్యి చాచి మ్యూట్ నొక్కింది.

“అడిగేది నువ్వే, చెప్పేది నువ్వే. ఇగ వాళ్లెందుకమ్మా ఈ కాల్ల?”

ఆమె మ్యూట్ తీయలేదు. గోడకున్న తెరలో అవతలి వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు. చాలాసేపటికి వాళ్లలో పెద్దాయన, వచ్చే నెలాఖరుకు ఇచ్చినా తమకు చాలునన్నాడు. సరళక్క నావైపు తిరిగి, “చూసినవా? నీ శనివారం నీకు మిగిలింది,” అంది. నవ్వలేదు. ఆమె నవ్వు ఎప్పుడూ మాటకు కాస్త వెనకాల వచ్చేది. నేను సీటుకు వెళ్లి కూర్చున్నాక, గాజు గోడ అవతల ఆమె ఒక్కతే నవ్వుకోవడం చూశాను.

ఆమె నాకంటే పదేళ్లు పెద్దదై ఉంటుంది. జీడిమెట్లలో పుట్టి పెరిగింది. మాట పుల్లవిరుపుగా అనిపించేది కానీ, ఎవరి మీదా గొంతు పెంచగా చూడలేదు. మీటింగుల్లో ఎప్పుడూ బల్లకు ఎడమ చివర కూర్చునేది. అదొక మేనేజరు దర్జా అనుకునేదాన్ని. ఒకరోజు పని చేసుకుంటూ నాలో నేను కూనిరాగం తీస్తుంటే వెనకాల నిలబడి విని, పాట నేర్చుకున్నావా అని అడిగింది. చిన్నప్పుడు ఎనిమిదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నానని గర్వంగానే చెప్పాను. ఆదివారం కొండాపూర్‌లో తన ఫ్లాటుకు రమ్మంది. మేనేజరు పిలిచింది కాబట్టి వెళ్లాను. వెళ్లకపోతే అప్రైజల్లో ఏమవుతుందోనని కూడా వెళ్లాను. ఈ రెండో సంగతి చాలా రోజుల తర్వాత చెబితే ఇమ్రాన్ పడీ పడీ నవ్వాడు. తానూ అందుకే వచ్చానన్నాడు.

ఆ మొదటి ఆదివారం నాకు వచ్చిన సంగతులన్నీ వేసి ఒక పల్లవి పాడి చూపించాను. ఆమె శ్రద్ధగా విన్నది. తర్వాత నీళ్ల గ్లాసు నా చేతికిచ్చి, ఎనిమిదేళ్ల చదువూ ఒక్క పాటలోనే చూపించాలా అని అడిగింది. ఒకే ఒక్క స్వరం పట్టుకుని, ఊపిరి ఉన్నంతసేపు దాన్ని కదపకుండా నిలపమంది. అంతకంటే సులువైన పని ఏముంటుంది అనుకున్నాను. నా వల్ల కాలేదు. గొంతు దానంతటదే వంపులు తిరిగేది. ఏమీ చేయకుండా ఉండటం నాకు ఎవరూ నేర్పలేదని ఆరోజు తెలిసింది.

ఆమె హాల్లో ఒక పాత సీలింగ్ ఫ్యాను ఉండేది. తిరుగుతూ తిరుగుతూ ఒకచోట టక్కుమనేది. మా బ్యాండుకున్న ఒకే ఒక్క నియమం ఆ ఫ్యాను. ముగ్గురం వాయిస్తున్నప్పుడు కూడా ఆ టక్కు వినిపించాలి. వినిపించకపోతే ఎవరో ఒకరు గట్టిగా వాయిస్తున్నట్టు. అప్పుడు సరళక్క బ్రష్షు ఎత్తి పైకి చూపించేది, మేము ఆపేసేవాళ్లం. “అక్కా, ఇంత మెల్లగైతే నా వేళ్లకు నిద్రొస్తున్నది,” అని ఇమ్రాన్ గొణిగేవాడు. పండుకోనియ్, లేచినంక మంచిగ వాయిస్తయ్ అనేది ఆమె.

ఫ్లాట్లలో ఎవరో రాక్ బ్యాండ్ నడుపుతున్నారని అసోసియేషన్‌కు ఫిర్యాదు వెళ్లింది. ఆమె వాకిట్లో విప్పిన చెప్పులూ ఇమ్రాన్ భుజాన గిటారు సంచీ చూసినవాళ్లు చేసిన ఫిర్యాదే తప్ప, విని చేసింది కాదు. ఒక ఆదివారం సెక్రటరీగారు స్వయంగా తనిఖీకి వచ్చారు. నెల్లూరు వైపు మనిషి, ఎంతో మర్యాదస్తుడు. తలుపు దగ్గరే నిలబడి, మేము ఏదో సర్దుకుంటున్నామనుకుని చాలాసేపు చూశారు. చివరికి గొంతు సవరించుకున్నారు.

“మొదలుపెట్టండమ్మా. సౌండ్ ఎంత వస్తుందో చూసి పోతాను.”

“ఇప్పుడే అయిపోయింది సార్,” అంది సరళక్క. “చాయ్ తాగుతరా?”

ఆయన చాయ్ తాగారు. రెండో పాటకు సోఫాలో కూర్చున్నారు. మూడో పాట మధ్యలో కునుకు తీశారు. ఆ తర్వాత మా మీద ఫిర్యాదులు రాలేదు.

పాటలు రాసేదీ ఆమే. రాయడమంటే ఎక్కువ భాగం కొట్టేయడమే. ఆల్బంలో ‘తలుపు’ అనే పాట ఉంది. దానికి మొత్తం మూడే పాదాలు. తలుపు తీసే ఉంది, లోపలికి రా, రాకపోయినా సరే. అంతే. రెండో పాదానికీ మూడో పాదానికీ మధ్య చాలా పెద్ద ఖాళీ. అక్కడ గిటారు ఉండదు, డ్రమ్ము ఉండదు. నేను ఆ ఖాళీలో నిలబడి ఉండాలి, సమయం వచ్చినప్పుడు పాడాలి. ఎప్పుడు పాడాలో ఆమె లెక్క చెప్పలేదు. నేను ప్రతిసారీ ముందే అందుకునేదాన్ని. ఆ ఖాళీలోకి అడుగుపెట్టగానే ఎవరో నా వంక చూస్తున్నట్టు, ఏదో పాడైపోతున్నట్టు అనిపించేది. ఎన్నో ఆదివారాలు ఆ ఒక్కచోటే చెడింది. చివరికి ఒకరోజు ఆమె బ్రష్షులు పక్కన పెట్టి నేల మీద కూర్చుంది.

“లోపలికి రమ్మని పిలిచినవ్ గద. జర రానియ్యరాదూ?”

“ఎవరొస్తారక్కా? పాటే కదా.”

“వాళ్లు చెప్పులిప్పుకోవాలె. తలుపు జరుపుకోవాలె. నువ్వేమో పిలిచి, గుమ్మంల అడుగు పెట్టకముందే రాకున్నా సరే అంటున్నవ్. గట్లంటే ఎవరొస్తరు?”

ఇమ్రాన్ ఆ రోజంతా నేను మంచినీళ్లు కావాలన్నా, ప్లగ్గు కావాలన్నా, ‘చెప్పులిప్పుకోనియ్ అక్కా’ అని ఆటపట్టించాడు. నేనూ నవ్వాను. కానీ ఇంటికి వెళ్తూ బైక్ ట్యాక్సీ మీద కూర్చుని, నేను పిలిచి గుమ్మంలోనే ఆపేసిన వాళ్లెంతమందో అనుకున్నాను. మా ఆయన ఏదైనా చెప్పబోతే వాక్యం సగంలో ఉండగానే జవాబిచ్చే అలవాటు నాది.

ఆల్బం రికార్డు చేసేటప్పటికి నాకు ఆరో నెల. కొండాపూర్‌లోనే ఒక సందులో, మెట్లు దిగి వెళ్లే చిన్న స్టూడియో. గోడలకు నల్లటి ఫోము, కిటికీలు లేవు. రికార్డు చేసే కుర్రాడు సినిమా వాళ్లకు, పెళ్లి వీడియోలకు పనిచేసిన మనిషి. మీటర్లో ముల్లు లేవడం లేదు, కొంచెం గట్టిగా వాయించమని రోజూ ప్రాధేయపడేవాడు. మైకులు ఇంకా దగ్గరికి జరపమనేది సరళక్క. చివరికి నా మైకు ఎంత దగ్గరికి వచ్చిందంటే, నేను పెదవులు విప్పిన చప్పుడు కూడా పడేది. కడుపుతో ఎక్కువసేపు నిలబడలేనని నాకు ఒక చెక్క కుర్చీ వేయించింది. ‘తలుపు’ పాడిన రోజు, ఆ పెద్ద ఖాళీలోకి వెళ్లాక నేను మొదటిసారి తొందరపడలేదు. లోపల పాప అటు నుంచి ఇటు నెమ్మదిగా జరిగింది. ఆ కదలిక పూర్తయ్యేదాకా ఆగాలనిపించి ఆగాను. నేను సర్దుకునేటప్పుడు కుర్చీ కిర్రుమంది. ఆ తర్వాత మూడో పాదం పాడాను. ఆ కిర్రు తీసేస్తానని కుర్రాడు అంటే సరళక్క ఒప్పుకోలేదు. అవతల మనిషి ఉన్నట్టు ఎట్ల తెలుస్తదని అడిగింది. ఇప్పటికీ అది ఆల్బంలో ఉంది.

పాప పుట్టింది. మూడో రోజు ఇంటికి పంపేముందు చెవుల పరీక్ష చేశారు. చిన్న రబ్బరు గొట్టం చెవిలో పెట్టి, చేతిలోని యంత్రం వంక చూశారు. రెండు చెవుల దగ్గరా ‘రిఫర్’ అని వచ్చింది, అంటే పరీక్ష దాటలేదని. చాలామంది పిల్లలకు మొదట ఇలాగే వస్తుందని, ఆరు వారాల తర్వాత పెద్ద పరీక్ష చేయిద్దామని నర్సు చెప్పింది. ఆమె మామూలుగానే చెప్పింది. నాకు మాత్రం ఒక్క మాట మిగిలింది. వినబడదేమో.

మా అమ్మ తణుకు నుంచి వచ్చి ఉంది. భయంతో అన్నదే గానీ, కడుపుతో ఉండి ఆ డప్పుల మధ్య నెలల తరబడి కూర్చున్నావు కదే అంది. ఆ మాట నాలో దిగబడిపోయింది. ఫోన్లో వెతికాను. పెద్ద చప్పుళ్లు కడుపులో బిడ్డకు చేటు చేస్తాయని ఎక్కడో ఉంది. ఎంత పెద్ద చప్పుడు, ఎంతసేపు అనే వివరాలు కూడా కిందే రాసి ఉన్నాయి కానీ, భయపడ్డ మనిషి కింది దాకా చదవదు. సరిగ్గా ఆ వారమే మా ఆల్బం విడుదలైంది. ఇమ్రాన్ లింకు పంపాడు. నేను తెరవలేదు. ఫోన్లో ఆ పేరు కనిపిస్తే పక్కకు తోసేసేదాన్ని. అది నా బిడ్డ చెవులు తినేసిన వస్తువులా కనిపించేది.

అప్పటి నుంచి నాకు అదే పని. పాప మెలకువగా ఉన్నప్పుడల్లా వెనక నిలబడి స్టీలు పళ్లెం గరిటెతో కొట్టేదాన్ని. ఒకసారి ఉలిక్కిపడేది, ఒకసారి పడేది కాదు. ఉలిక్కిపడితే గాలి తగిలిందేమోనని, పడకపోతే అయిపోయిందని. మా ఆయన ఇక ఆపమని బతిమాలేవాడు. తను ఆఫీసుకు వెళ్లగానే మళ్లీ పళ్లెం తీసేదాన్ని. అలా కొడుతున్న ఒక మధ్యాహ్నం, అమ్మ తలుపు తీస్తే సరళక్క లోపలికి వచ్చింది. పాపను చూడ్డానికి వచ్చింది, చేతిలో బత్తాయిల సంచి ఉంది. ఉయ్యాల వెనక గరిటెతో నిలబడ్డ నన్ను చూసింది. దగ్గరికి వచ్చి పళ్లెమూ గరిటే నా చేతుల్లోంచి తీసుకుని, చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను అంతా చెప్పాను. చెప్పి, ఎవరినీ అడగలేని మాట ఆమెను అడిగాను.

“మన వల్లే అయ్యిందా అక్కా?”

ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. ఆ ఖాళీని నేను పూడ్చలేదు. పూడ్చడానికి నా దగ్గర మాటలు లేవు.

“నా ఎడమ చెవుల పొద్దుమాపు మోగుతనే ఉంటది,” అంది. “నీకెన్నడు చెప్పలే. ఇంతకుముందు పబ్బులల్ల వాయించే బ్యాండ్ల ఉంటి. ఐదేండ్లు. స్పీకర్ నా పక్కనే పెడుతుండిరి. మోతకు పోయింది. ఇగ రాదన్నరు.”

అప్పుడు అర్థమైంది, మీటింగుల్లో ఎడమ చివరి కుర్చీ ఎందుకో. మనుషులందరినీ కుడి చెవి వైపు ఉంచుకోవడానికి. ఫ్యాను నియమం ఎందుకో, నిలబడి ఒక్క డ్రమ్మే ఎందుకో. ఆమె నెమ్మదితనం ఆమె అభిరుచి అనుకున్నాం అందరం.

“చెవి పోవుడంటే ఏందో తెలిసినదాన్ని,” అంది. “తెలిసి తెలిసి నీ కడుపుల బిడ్డను మోతల కూసోబెడ్తనా? పరీక్షల ఏమొస్తదో నాకు తెల్వదు. అబద్ధం చెప్ప. గని మన పాట వల్లనైతే కాదు.”

ఏమీ కాదు, అంతా మంచే జరుగుతుంది అని అప్పటికి చాలామంది చెప్పారు. వాళ్లు మంచివాళ్లే. కానీ వాళ్లు వెళ్లాక నాకేమీ మిగిలేది కాదు. సరళక్క తనకు తెలిసినంతే చెప్పి, తెలియనిది తెలియదని వదిలేసింది. ఆ సగమే నాకు పట్టుకోవడానికి దొరికింది. ఆ రోజు నుంచి పళ్లెం ముట్టుకోలేదు.

పరీక్ష రోజు ఆమె సెలవు పెట్టి మాతో వచ్చింది. ఆ పరీక్షకు పాప నిద్రపోవాలి. నుదుటికీ చెవుల వెనకా చిన్న బిళ్లలు అంటించి, చెవిలో చప్పుళ్లు వినిపించి, మెదడు పలుకుతుందో లేదో యంత్రంలో చూస్తారు. పిల్ల కదిలితే ఏమీ తెలియదు. పొద్దున్నుంచి పడుకోనివ్వకుండా తీసుకొచ్చాం, పాలు పట్టాం. అయినా ఏడుపు ఆపదు. పరీక్ష చేసే ఆవిడ రెండుసార్లు తలుపు తీసి చూసింది. ఇంకాసేపు చూసి, పడుకోకపోతే నిద్రమందు వేద్దామని, లేదంటే ఇంకోరోజు రమ్మని చెప్పింది. అన్ని రోజులు ఇంకోసారి మోయలేను. మందంటే ఇంకా భయం. పాపను భుజాన వేసుకుని ఆ గదిలో అటూ ఇటూ నడుస్తూ వీపు మీద టపటపా తడుతున్నాను. మా ఆయన తీసుకుంటానన్నా ఇవ్వలేదు.

సరళక్క కుర్చీలోంచి లేచి నా చేతిని పట్టుకుని ఆపింది. నా వేళ్ల మీద తన వేళ్లు పెట్టి, పాప వీపు మీద ఒకసారి తట్టించింది. ఆగింది. మళ్లీ ఒకసారి.

“నువ్వు ఉరుకుతుంటే అదీ నీతోని ఉరుకుతున్నది. పాడు.”

“తనకి వినపడుతుందో లేదో ఎవరికి తెలుసక్కా?”

“నాకూ తెల్వదు. పాడు.”

వినబడుతుందో లేదో తెలియని బిడ్డకు పాడటం ఎలా ఉంటుందో రాయలేను. ఆ గదిలో ఏసీ సన్నగా హుమ్మని మోగుతోంది. దానికి మించకుండా పాడాను. వంపులు లేకుండా, ఉన్న స్వరాన్ని ఉన్నట్టు పట్టుకుని. తలుపు తీసే ఉంది. సరళక్క వేళ్లు నా వేళ్లతో పాటు లేస్తున్నాయి, దిగుతున్నాయి. లోపలికి రా. ఆగాను. పాప ఒళ్లు నా భుజం మీద మెల్లగా బరువెక్కింది. పిడికిలి విడింది. నేను మూడో పాదం పాడలేదు, అవసరం రాలేదు. నా పాట విని పడుకుందో, ఏడ్చి ఏడ్చి అలసి పడుకుందో, మా ఇద్దరి చేతుల వల్ల పడుకుందో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

పరీక్ష చాలాసేపు జరిగింది. ఆవిడ తెర వంక చూస్తూ ఏవో మీటలు నొక్కుతోంది. నేను ఆవిడ ముఖం వంక చూస్తున్నాను. ఒక చెవి అయ్యాక ఆవిడ ఏమీ చెప్పలేదు. రెండో చెవి మొదలుపెట్టింది. ఏమైంది, ఎలా ఉంది, చెప్పండి అని అడగడానికి నోటిదాకా వచ్చింది. మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అడగలేదు. చివరికి ఆవిడ కుర్చీ తిప్పి మావైపు చూసింది.

“రెండు చెవులూ బాగున్నాయమ్మా. పుట్టినప్పుడు చెవిలో నీరు ఉండి ఉంటుంది. ఆ పరీక్ష అందుకే అలా వచ్చింది.”

ఇంకోసారి చెప్పమని అడిగాను. చెప్పింది. నేను కడుపుతో ఉండగా బ్యాండులో పాడానని, దాని వల్ల ఏమైనా అవుతుందా అని, అన్నీ బాగున్నాయని చెప్పిన తర్వాత కూడా అడిగాను. ఎంత చప్పుడని ఆవిడ అడిగింది. మేము వాయిస్తుంటే ఫ్యాను చప్పుడు వినిపించేదని చెప్పాను. ఆవిడ మా ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూసి, ఇక నవ్వు ఆపుకోలేకపోయింది. అంతకంటే మీ ఇంట్లో మిక్సీ గట్టిగా మోగుతుంది కదమ్మా అంది. కాసేపాగి, మెట్ల దగ్గరికి వెళ్లాక, సరళక్క నవ్వడం మొదలుపెట్టింది. ఆసుపత్రి క్యాంటీన్‌లో కూర్చుంటే నాకు ఆకలేసింది. ఆరు వారాల్లో మొదటిసారి నాకు నేనుగా ఆకలేసింది. రెండు ప్లేట్ల ఇడ్లీ, ఒక దోశ తిన్నాను. పాపను భుజాన వేసుకుని సరళక్క ఎదురుగా కూర్చుంది. పాప తల తన కుడి చెవి దగ్గర ఉండేట్టు పట్టుకుంది. ఇంకో వడ చెప్పమంటావా అని మాత్రం అడిగింది. మా ఆయన కళ్లు తుడుచుకోవడానికి బిల్లు వంకతో లేచి వెళ్లాడు. ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్లేటప్పుడు కార్లో ఇమ్రాన్ పంపిన లింకు తెరిచాను. మాదాపూర్ సిగ్నళ్ల దగ్గర చుట్టూ హారన్లు మోగుతుంటే, లోపల మా ఆల్బం ఉందో లేదో అన్నట్టు మెల్లగా నడిచింది. ఒక్కో పాట అయ్యేసరికి ఒక్కో సిగ్నలు దాటాం.

పాపకిప్పుడు మూడో ఏడు నడుస్తోంది. పేరు తన్వి. చెవులు ఎంత బాగా పనిచేస్తాయంటే, రెండు గదుల అవతల నేను బిస్కెట్ డబ్బా మూత తీసినా పరుగెత్తుకొస్తుంది. కానీ జవాబు చెప్పడంలో మాత్రం తొందర లేదు. అడిగిన మాటను నోట్లో వేసుకుని చప్పరించి చప్పరించి గానీ బయటకు తీయదు. ప్లే స్కూలు టీచరు, పిల్ల కొంచెం స్లో అండి అంది. ఆ మాటకు నా గుండె పాత దారిలో పరుగెత్తలేదని అబద్ధం చెప్పను. ఫోను చేతిలోకి తీసుకున్నాను, వెతకబోయాను. తర్వాత పక్కన పెట్టి, తన్వినే ఒక మాట అడిగి, వాచీ చూడకుండా కూర్చున్నాను. జవాబు వచ్చింది. ఆలస్యంగానే, కానీ వచ్చింది.

ఈ సాయంత్రం లిఫ్టులో ఏడో అంతస్తు పెద్దావిడ ఎక్కారు. ఇవాళ బడిలో ఏం చేశావమ్మా అని తన్విని అడిగారు. తన్వి ఆవిడ చేతి గాజులు చూస్తూ నిలబడింది. నాలుగో అంతస్తు దాటింది. ఆవిడ నావైపు చూశారు. పిల్లల తరఫున తల్లులు చెప్పేస్తారు కదా, అందుకని. బొమ్మలు వేశారండి, పాట నేర్చుకున్నారండి అని చెప్పడానికి నా దగ్గర కావలసినన్ని మాటలున్నాయి. నేను తన్వినే చూస్తూ నిలబడ్డాను. ఐదు దాటింది, ఆరు దాటింది. ఆవిడ అంతస్తు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి. ఆవిడ ఒక కాలు బయట పెట్టి, ఏమనుకున్నారో, తలుపు మూసుకోకుండా చెయ్యి అడ్డం పెట్టి ఆగారు.

“ఒక బాబు ఏడ్చాడు,” అంది తన్వి. “నేను వాడి పక్కన కూచున్నాను.”